బిడ్డ నడిచేంత దూరంల బడి

రా చెల్లె, కూసో. చాయ్ పెట్టిన, అల్లం కూడా దంచి ఏసిన. నీ ముఖం చూస్తేనే తెలుస్తున్నది, రాత్రి సరిగ్గ నిద్ర పోలేదు గదా? మళ్ల అదే ముచ్చట. కోడేరులనే ఉందామా, వనపర్తి పోదామా, నాగర్‌కర్నూల్ పోదామా, లేకుంటే అందరి తీరుగ పట్నమే ఎక్కుదామా అని. మరిది ఒకటంటడు, అత్తమ్మ ఒకటంటది, పక్కింటామె తన బిడ్డ మెడల టై చూపిచ్చి ఇంకొకటంటది. అందరి మాటలు ఇనుకుంట, బిడ్డ తల దువ్వుకుంట, లోపల్లోపల కుమిలేది మాత్రం నువ్వు.

ఇది నీ ఒక్కదాని బాధ కాదు. మార్చి నడుమ ఒంటిపూట బళ్లు మొదలైతే చాలు, మన దిక్కు ప్రతి ఇంట్ల ఇదే లెక్క నడుస్తది. జూన్ 12కు బళ్లు తెరుస్తరు, అంతలోపల ఏదో ఒకటి తేలాలె. మన అమ్మానాయినలు బొంబాయికి, పూణెకు మట్టి పనికి పోతే మనం ఎవరి దగ్గర పెరిగినమో యాదికున్నదా? అవ్వ దగ్గర కొన్ని దినాలు, మేనత్త దగ్గర కొన్ని దినాలు. బడి ఏడాదికి సగం ఖాళీ. వాళ్లు పని కోసం ఊరు ఇడిసిండ్రు, ఇయ్యాల మనం బడి కోసం ఇడుస్తమంటున్నం. అందుకే ఈ భయం ఇంత పెద్దగ అనిపిస్తది. మనం పడ్డది బిడ్డ పడొద్దని గుండెల ఉంటది గదా. ఆ భయంల తప్పు లేదు. భయంతోని ఇల్లు ఎంచుకుంటేనే తక్లీఫ్.

నా ముచ్చటే చెప్త. పెద్దోడు రెండో తరగతిల ఉన్నప్పుడు నేను గోడ మీద రంగు బొమ్మలున్న ఒక టౌను బడి చూసి మురిసిన. ఇల్లు మాత్రం ఊర్లనే పెట్టుకున్నం, వ్యాన్ వస్తదన్నరు గదా అని. పొద్దుగాల ఏడింటికి వ్యాన్. ఆరింటికి లేపితే కండ్లు మూసుకొనే బువ్వ తినేటోడు. ఊరూరు తిరిగి గంటసేపు పోయేది, మళ్ల గంటసేపు వచ్చేది. మాపటికి దిగంగనే సంచి కూడా తియ్యకుండ అరుగు మీద ఒరిగిపోయేటోడు. ఒకనాడు కూసొని లెక్క రాసిన. ఒకటి నుంచి అయిదో తరగతి దాకా బడి ఏడాదికి 200 రోజులు నడవాలని విద్యా హక్కు చట్టంల ఉన్నది. రోజుకు రెండు గంటలు రోడ్డు మీదనే అనుకుంటే 400 గంటలు. రాత్రీ పగలూ కలిపి 16 రోజులకు మీదనే! ఆ బొమ్మల గోడ నా బిడ్డకు ఏమిచ్చిందోగాని ఏడాదిల 16 రోజులు మాత్రం తీసుకున్నది. ఆడుకునే పొద్దు తీసుకున్నది, నిద్ర తీసుకున్నది. నేను ఏడ్చిన చెల్లె, నీకు చెప్పనీకి సిగ్గేంది.

అప్పటి సంది నాకు ఒకటే లెక్క. బిడ్డ బడికి నడిచి పోవాలె. దూరం ఉంటే అది పెద్దోళ్ల నెత్తిన పడాలె, పిల్లల నెత్తిన పడొద్దు. ఇంటి నుంచి ఒక కిలోమీటరు లోపల ప్రాథమిక బడి, మూడు కిలోమీటర్ల లోపల ఆపై తరగతుల బడి ఉండాలని చట్టం పెట్టినోళ్లు ఉత్తగనే పెట్టలేదు. చిన్న కాళ్లు ఎంత నడుస్తయో చూసే పెట్టిండ్రు. మనం ఇల్లు ఎతికేటప్పుడు కూడా ముందు బడి చూడాలె, ఆ బడి చుట్టూ నడకంత దూరంల ఇల్లు చూడాలె, ఆయెనక మరిది పనికి ఎట్ల పోతడో చూడాలె. మనమేమో తిరగేసి చేస్తున్నం. చుట్టాలు ఎక్కడుంటే అక్కడ ఇల్లు, ఇంటి కాడికి ఏ వ్యాన్ వస్తే ఆ బడి.

ఇగ అసలు పోవాల్నా అన్న సంగతి. నీ బిడ్డ ఇప్పుడు మూడో తరగతి గదా? అయితే తొందర పడకు, ఈ మాట జర జాగ్రత్తగ ఇను. మన పాత పాలమూరుకు నవోదయ ఉన్నది, బిజినేపల్లి మండలం వట్టెంల. ఆరో తరగతికి పరీక్ష పెట్టి తీసుకుంటరు, అందుల నాలుగింట మూడు వంతుల సీట్లు పల్లె పిల్లలకే. పల్లె సీటు కావాల్నంటే మూడు, నాలుగు, అయిదు తరగతులు మూడూ పల్లె బడిలనే పూర్తిగ చదివి ఉండాలె. అయిదో తరగతి చదివే జిల్లా ఏదో కూడా చూస్తరు. ఇప్పుడు నువ్వు ఉరికి పోయి మున్సిపాలిటీ బడిల చేర్పిస్తే ఆ తలుపు నువ్వే మూసినట్లు అయితది. గురుకులాల సంగతి కూడా అంతే, అయిదో తరగతిలకు పోవాల్నంటే నాలుగుల ఉండంగనే దరఖాస్తు పెట్టాలె. సీటు వస్తదా రాదా ఎవరూ చెప్పలేరు, రాకున్నా బాధ పడొద్దు. కాని తెలియక పోగొట్టుకుంటే మాత్రం మనసు ఊకోదు. అయిదో తరగతి అయ్యేదాక ఊర్లనే ఉంచి, ఆరుల మారిస్తే మనకు మంచి గడువు దొరుకుతది.

"ఊరి బడిల చదువు సరిగ్గ ఉంటే నేను ఇంత ఆలోచన ఎందుకు చేస్తనక్కా" అంటవు. నీ మాట నిజమే. అన్ని ఊర్ల బళ్లు ఒక్కతీరుగ లేవు. గోడ చూసి కాదు, పంతుళ్లను లెక్కబెట్టి చెప్పు. అయిదు తరగతులకు ఒక్క సారే ఉంటే ఆ సారు ఎంత మంచోడైనా ఏం చేస్తడు? ముప్పై మంది పిల్లలకు ఒక టీచరు ఉండాలని చట్టం చెప్తది గాని, తరగతికో టీచరు ఉన్నదా అనేది మనం పోయి చూసుకోవాల్సిందే. సర్కారు బళ్లు బాగుచేసే మన ఊరు మన బడి పథకం 2022 మార్చిల మొదలైంది మన వనపర్తి నుంచే. ఆ ఏడాది సంది సర్కారు బళ్లల్ల ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం కూడా వచ్చింది. పుస్తకంల ఒక దిక్కు ఇంగ్లీషు, ఒక దిక్కు తెలుగు. నువ్వు కూడా పక్కన కూసొని చదివి చెప్పొచ్చు. పదో తరగతి దాక పగటి బువ్వ బడిలనే. మహిళా సంఘంల ఉన్న మన ఆడోళ్లే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలల్ల ఉన్నరు, రిపేర్ల సంగతి వాళ్లను అడగొచ్చు. ఊరు ఇడిసే ముందు ఒక్కసారి బడికి పోయి, గంటసేపు కూసొని రా. ఇప్పటిదాక పోయినవా? పోలేదు గదా. నేనన్నది అదే.

సరే, పోవాలనే అనుకున్నరనుకో. మన కోడేరు ఉన్న తావే విచిత్రం. ఒక దిక్కు వనపర్తి, ఒక దిక్కు నాగర్‌కర్నూల్, కింద కొల్లాపూర్. మూడు ఊర్ల నడుమ మనం. 2016 అక్టోబర్ 11 కంటే ముందు అంతా ఒకటే పాలమూరు జిల్లా, ఏ దిక్కు పోయినా ఫరక్ పడేది కాదు. ఇప్పుడు కోడేరు, కొల్లాపూర్ నాగర్‌కర్నూల్ జిల్లా, వనపర్తి వేరే జిల్లా. దాంతోని మనకేంది అనుకుంటవు. ఉన్నది. రేపు బిడ్డ పెద్దదయ్యి సర్కారు కొలువుకు పెట్టుకుంటే, స్థానికులెవరో ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఏ జిల్లాల ఎక్కువ ఏండ్లు చదివిందో చూసి తేలుస్తరు. జిల్లా కొలువులు నూటికి 95 స్థానికులకే. ఇక్కడ రెండేండ్లు చదివి అక్కడ అయిదేండ్లు చదివితే బిడ్డ వనపర్తి పిల్ల అయితది. అదేం తప్పు కాదు, రెండు జిల్లాలూ జోగులాంబ జోన్‌లనే ఉన్నయి. పట్నం పోతే మాత్రం జోనే మారుతది, హైదరాబాద్, రంగారెడ్డి చార్మినార్ జోన్ కిందికి వస్తయి. పోవద్దని అంటలేను, తెలిసి పొమ్మంటున్న. ఏ బడి ఇడిసినా ఆనాడే బోనఫైడ్ రాయించుకొని, ఆధార్, టీసీతోని కలిపి ఒక్క సంచిల పెట్టు. ఇరవై ఏండ్ల తర్వాత మూతపడ్డ బడి కోసం తిరిగేటోళ్లను చూసిన, ఆ తిప్పలు నీకొద్దు.

మూడిట్ల ఏది మంచిదని నన్ను అడుగుతవు. చదువుకు వనపర్తి పేరు పాతది. 1959ల రాజావారి ప్యాలెస్‌ల పాలిటెక్నిక్ పెట్టినప్పటి సంది అక్కడికి దూరం నుంచి పిల్లలు వస్తనే ఉన్నరు. మెడికల్ కాలేజీలు వనపర్తికి, నాగర్‌కర్నూల్‌కు 2022ల ఒకటే దినం తెరిచిండ్రు, అందుకని ఆ లెక్కల రెండూ సమానం. కాని మూడో తరగతి పిల్లకు మెడికల్ కాలేజీ చూసి ఇల్లు ఎవరన్నా తీసుకుంటరా? తీసుకుంటరు చెల్లె, నేను చూసిన! ఆ కాలేజీల చేరనీకి ఇంకా పదేండ్లు ఉన్నయి. ఇప్పుడు కావాల్సింది మంచి టీచరమ్మ, నడిచే రోడ్డు, అడ్డం పడి ఆడుకునే తావు.

నన్నడిగితే టౌనును తేల్చేది మీ పొలం. అవును, నవ్వకు. ఎల్లూరు దగ్గర శ్రీశైలం నీళ్లు ఎత్తి, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు దాక తెచ్చే కల్వకుర్తి ఎత్తిపోతలు వచ్చినంక మన దిక్కు భూములకు విలువ పెరిగింది. కాలువ కింద వరి పెట్టినోళ్లు ఊరు పూర్తిగ ఇడవలేరు. నీళ్ల వంతు వచ్చిననాడు మనిషి గట్టు మీద ఉండాలె, రాత్రయినా సరే. బుడ్డలు పీకేనాడు ఇంటిల్లిపాదీ ఉండాలె. పట్నమోళ్లకు ప్రయాణమంటే ఆఫీసుకు పోవుడు, మనకు పొలం కాడికి పోవుడు కూడా అందులనే ఉంటది. మరిదికి టౌన్‌ల పని ఎక్కడ, పొలం ఎక్కడ, రెండిటికీ పోయే రోడ్డు ఏది? ఆ రోడ్డు మీద ఉన్న టౌనే మీ టౌను. మీ పొలం నాగర్‌కర్నూల్ రోడ్డు దిక్కు ఉండి, నువ్వు వనపర్తిల కిరాయి తీసుకుంటే ఆయన రోజూ త్రికోణం తిరుగుతడు. మొదటి నెల ఏమనడు. మూడో నెలకు ఇంట్ల చిన్న మాటకే గొడవ. ఆ గొడవ నీ మీద కాదమ్మా, ఆ రోడ్డు మీద.

పెట్రోలు లెక్క కూడా రాయి. రానుపోను 40 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు అంటే వెయ్యి కిలోమీటర్లు. బండి లీటరుకు 50 ఇస్తే 20 లీటర్లు. ఆ పైసలు కిరాయి పక్కన రాసి, రెండూ కలిపి చూడు. చౌక ఇల్లు ఒక్కోసారి చౌక కాదని అప్పుడు కనిపిస్తది. నీ సంగతైతే వేరే. 2023 డిసెంబర్ 9 సంది మహాలక్ష్మి కింద పల్లెవెలుగుల, ఎక్స్‌ప్రెస్‌ల ఆడోళ్లకు జీరో టికెట్ ఉన్నది, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. కుట్టు పని, దుకాణం, నర్సు పని, ఏదైనా సరే, ఇంట్ల దూరం మొయ్యగలిగేది ఇప్పుడు నువ్వే. టికెట్ ఖర్చు లేదు. కాని బస్సు ఎన్నింటికి వస్తది, ఎక్కనీకి తావు ఉంటదా, మాపటికి ఆఖరి బస్సు ఎప్పుడు, ఇవి కాగితం మీద కాదు, బస్టాండుల నిలబడి చూడాలె. సోమవారం పొద్దుగాల చూడు, ఆదివారం చూస్తే ఏం లాభం? ఆదివారం రోడ్డు అందరికీ నవ్వుకుంటనే కనిపిస్తది.

బడి చూడనీకి పోయేటప్పుడు నువ్వు మంచి చీర కట్టుకొని పదకొండింటికి పోకు. బడి ఇడిసే యాళ్లకు గేటు కాడ నిలబడు. బయటకొచ్చే పిల్లల ముఖాలు చూడు, పెద్ద పిల్లలు చిన్నోళ్ల చెయ్యి పట్టుకుంటున్నరా, రోడ్డు దాటేటప్పుడు ఎవరన్నా పెద్దోళ్లు ఉన్నరా చూడు. అక్కడ నిలబడ్డ తల్లులను అడుగు, వాళ్లు నిజం చెప్తరు. ఆయెనక లోపలికి పోయి ఆడపిల్లల టాయిలెట్ చూపియ్యమని అడుగు. సిగ్గు పడకు. అందుల నీళ్లు వస్తున్నయా, తలుపుకు గొళ్లెం ఉన్నదా? అది సరిగ్గ లేని బడిల మన బిడ్డ పొద్దంత నీళ్లు తాగకుండ ఉంటది, మనకు చెప్పదు. పోయిన ఏడాది ఉన్న టీచర్లు ఈ ఏడాది ఎంతమంది ఉన్నరో అడుగు. ఏడాదికోసారి అందరూ మారిపోయే బడిల ఫీజు ఎంత కట్టినా బిడ్డకు ఒక్క టీచరమ్మ కూడా దగ్గర కాదు. ఫీజు అడిగినప్పుడు పుస్తకాలు, బట్టలు, వ్యాన్ అన్నీ కలిపి ఏడాదికి ఎంతయితదో రాసి ఇమ్మను. నోటి లెక్క వద్దు.

ఇల్లు కూడా ఒక్కసారన్నా వానల చూడాలె. మన దిక్కు వాగు పొంగితే బస్సు ఆగుతది, ఇది మనకు కొత్త కాదు. టౌన్‌ల కూడా అంతే. చెరువు కింద ప్లాట్లు చేసి కట్టిన గల్లీలు ఎండకాలం ముద్దుగ ఉంటయి. గోడకు చెమ్మ గీత ఎంత ఎత్తున ఉన్నదో చూడు, పక్కోళ్లను అడుగు. నల్లా ఎన్ని రోజులకు ఒకసారి వస్తదో అది కూడా.

పట్నం అంటరా, నేను వద్దనను. మరిదికి అక్కడ పక్కా పని ఉంటే పోవచ్చు, ఎందరో మనోళ్లు బతుకుతున్నరు. కాని పట్నంల కూడా ఊరికి పోయే రోడ్డు పట్టుకొనే ఇల్లు చూసుకో. కల్వకుర్తి, కడ్తాల్ మీదుగ వచ్చే రోడ్డు తుక్కుగూడ దిక్కు తేలుతది. జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగ వచ్చే రోడ్డు శంషాబాద్, ఆరాంఘర్ దిక్కు. అత్తమ్మకు పానం బాగలేదని ఫోన్ వచ్చిననాడు, పట్నం అవతలి కొసన ఉంటే ఊరు దాటనీకే సగం పూట పోతది. ఎల్‌బీనగర్ దిక్కు ఉండి హైటెక్ సిటీల పని ఉంటే మెట్రో ఉన్నది, అమీర్‌పేట కాడ మారాలె. అది పెద్దోళ్లకు సరిపోతది, కూసొనో నిలబడో పోతరు. బిడ్డ బడి మాత్రం ఇంటి గల్లీ ఎనకనే ఉండాలె, అక్కడ కూడా మన లెక్క మారదు. ఆ దిక్కు ఇల్లు చూస్తే 2020 అక్టోబర్ వానల్ల ఆ గల్లీల నీళ్లు ఎక్కడి దాక వచ్చినయో తప్పకుండ అడుగు. అప్పుడు సరూర్‌నగర్ చుట్టూ ఎన్నో కాలనీలు రోజుల తరబడి మునిగే ఉన్నయి.

ఇవన్నీ చెప్తున్నగాని, నీ కడుపుల ఉన్న అసలు దిగులు నాకు తెలుసు. కిరాయి కాదు, ఫీజు కాదు. కొత్త తావుల నన్ను ఎవరు పలకరిస్తరు? అత్తమ్మ ఒక్కతే ఊర్ల ఎట్ల ఉంటది? మొదటి రెండు నెలలు కష్టమే. బతుకమ్మ పండుగకు కొత్త గల్లీల ఎవరి పక్కన ఆడాల్నో తెల్వక నేను తలుపు ఎనకాలనే నిలబడ్డ, ఒక పెద్దామె వచ్చి చెయ్యి పట్టి గుంజుకపోయింది. నిన్ను కూడా ఎవరో ఒకరు గుంజుకపోతరు. అప్పటిదాక బడి గేటు కాడ ఇద్దరు తల్లులతోని దోస్తానా చేసుకో. ఒకనాడు నీకు లేటయితే నీ బిడ్డను వాళ్లు తోలుకొస్తరు. అత్తమ్మకు పొరుగామె ఫోన్ నంబర్ తీసిపెట్టుకో, మందులు నెలకు సరిపడ ఒకేసారి తెచ్చి డబ్బాల పెట్టు. ఇంటికి తాళం వెయ్యకండ్రి, ఊరి ఇంట్ల పొయ్యి మండుతనే ఉండాలె. రేషన్ కార్డు అప్పుడే మార్చనక్కర లేదు, తెలంగాణల ఏ దుకాణంలనైనా బియ్యం తీసుకోవచ్చు. సామాను కూడా అంతా ఒక్కసారి లారీకి ఎత్తకు. ఒక ఏడాది కిరాయికి ఉండి చూడు. ప్లాటు కొనుడు ముచ్చట మరిది ఎత్తితే "బిడ్డ రెండో ఏడు కూడా ఆ బడికి నవ్వుకుంట పోతే అప్పుడు చూద్దాం, అక్క చెప్పింది" అని నా మీదికి తోసెయ్యి. నన్ను ఏమన్నా అననియ్యి, పర్వాలేదు.

ఇంకొకటి మర్చిపోయిన. బిడ్డను అడిగినవా? చిన్నపిల్లకేం తెలుసు అనకు. తన దోస్తును ఇడిసి పోవాలె తను. పోయే ముందు ఆ దోస్తును ఇంటికి పిలిచి, ఇద్దరికీ బువ్వ పెట్టు. సెలవులకు వస్తమని వాళ్లమ్మ ముంగటనే చెప్పు.

చాయ్ చల్లారుతున్నది, తాగు. ఈ సోమవారం నువ్వు, నేను, బిడ్డ ముగ్గురం పొద్దుగాల మొదటి బస్సు ఎక్కుదాం. ముందు నాగర్‌కర్నూల్. బడి ఇడిసేదాక అక్కడనే ఉందాం, ఇల్లు ఉన్నదన్న గల్లీ నుంచి బడి దాక బిడ్డ చెయ్యి పట్టుకొని నడుద్దాం, ఎన్ని నిమిషాలు పడుతదో నీ ఫోన్‌ల చూసి రాసుకో. వచ్చే వారం వనపర్తి. సద్ది నేను కడత, నీళ్ల సీసా నువ్వు తే. ఆధార్ కార్డు మర్చిపోకు.